ఉదయగిరి, ఆత్మకూరు సీమల భూస్వరూప పటములు: వలస కర్షకుల నివాస చరిత్ర

శాసనము, కైఫీయతు, ఇంటిపేరు, గ్రామనామము అను నాలుగును ప్రాంతీయ చరిత్రకు ముఖ్యాధారములని తెలుగు పరిశోధకులు చిరకాలముగా అంగీకరించియున్నారు. వీనికి తోడుగా ఐదవ ఆధార మొకటి కలదు. అది భూస్వరూప పటము. అది భూగోళశాస్త్రజ్ఞుల సొత్తని తలచి భాషాశాఖలవారు దానిని చేపట్టుట అరుదు. కాని ఆ పటముపై కొండకు, వాగునకు, చెరువునకు, పల్లెకు పేర్లు వ్రాయబడియుండును. ఆ పేర్లన్నియు తెలుగు మాటలే. కావున అది మనమును చదువవలసిన గ్రంథమే యగును. నెల్లూరు జిల్లా పడమటి భాగమందలి ఉదయగిరి, ఆత్మకూరు సీమలను ఉదాహరణముగా గైకొని, అట్టి పటమును చదువు పద్ధతిని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఈ సీమలనే ఎన్నుకొనుటకు కారణము కలదు. పెన్న దిగువ భాగమున నెల్లూరు చుట్టుప్రక్కల నదీజలము వలన మాగాణి విస్తరించినది. పడమటి సీమలో అట్టి సౌకర్యము లేదు. ఇచ్చట అడవి కొట్టి, కట్ట పోసి, వాననీటిని నిలిపిన పిమ్మటనే సేద్యము సాగినది. ఆ పని చేసినవారిలో పెక్కుమంది వేర్వేరు కాలములందు వేర్వేరు దిక్కులనుండి వచ్చి నిలిచినవారు. వలస యనగా సముద్రము దాటిపోవుట యని నేడు మనకు తోచును. పూర్వకాలమున పది ఆమడలు నడిచి, క్రొత్త వాగు ప్రక్కన గుడిసె వేసికొనుటయు వలసయే. అట్టి వలసల గురుతులు భూమిమీద మిగిలియున్నవి. భూమిమీద మిగిలినవి పటముమీదను కొంతవరకు కానవచ్చును.

1. నేల తీరు

ఈ సీమకు పడమట వెలిగొండలు ఉత్తర దక్షిణములుగా గోడవలె నిలిచియున్నవి. ఇవియే నెల్లూరు, కడప జిల్లాలకు సహజమైన పొలిమేర. ఉదయగిరి దుర్గమున్న కొండ సముద్రమట్టమునకు 3,079 అడుగుల, అనగా సుమారు 938 మీటర్ల ఎత్తు కలది. కొండలనుండి నేల తూర్పునకు క్రమముగా వాలును. ఆ వాలుననుసరించి పిల్లాపేరు, బొగ్గేరు మొదలగు ఏరులు ప్రవహించుచున్నవి. వీనిలో బొగ్గేరు పెన్నకు ఎడమవైపు ఉపనది. పెన్నానది వెలిగొండలను చీల్చుకొని సోమశిల కడ ఈ సీమలో ప్రవేశించి తూర్పునకు సాగును. ఏరులలో నీరు వానకాలమున మాత్రమే పారును. ఎఱ్ఱనేలలు, గులకనేలలు అధికము. ఇట్టిచోట ఊరు ఎక్కడ వెలయవలయునో నీరు నిలుచు తావే నిర్ణయించును.

2. పటము పుట్టుక

దక్షిణదేశమున శాస్త్రీయమైన సర్వే మదరాసునందు వేరూనినది. 1794లో అచ్చట సర్వే పాఠశాల స్థాపింపబడెను. 1802 ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ మదరాసు సమీపమున సెయింట్ థామస్ మౌంట్ కడ ఆధారరేఖను కొలుచుట కారంభించెను. ఆ కొలతనుండి పెరిగిన త్రిభుజముల వలయే 1818 నుండి మహా త్రికోణమితి సర్వే యని ప్రసిద్ధికెక్కెను. ఒక భుజమును నేలపై కొలిచి, కోణములను యంత్రముతో చూచి, తక్కిన భుజములను గణించుట దీని పద్ధతి. ఎత్తైన కొండలు ఈ పనికి ఆధారస్థానములు. రాజులు దుర్గమునకు ఎన్నుకొన్న శిఖరములు, కోణములు చూచువారికిని అనుకూలమగుట సహజము. రెంటికిని నలుదిక్కులు కానవచ్చుటయే కావలయును.

ఇదే కాలమున కాలిన్ మెకంజీ తన సర్వేతోపాటు గ్రామముల వృత్తాంతములను గూడ సేకరింపజేసెను. కావలి బొఱ్ఱయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య ఈ కార్యమున అతనికి కుడిభుజములై నిలిచిరి. మెకంజీ 1810లో మదరాసునకును, 1815లో భారతదేశమునకును సర్వేయరు జనరలయ్యెను. కొలతయు, కైఫీయతును ఒకే ప్రయత్నమునకు రెండు చేతులని ఇందువలన గ్రహింపవలయును. ఆ తరువాతి కాలమున పటము ఒక కార్యాలయమునకును, కైఫీయతు మఱియొక భాండాగారమునకును చేరి, రెండును ఒకదానినొకటి మఱచినవి. వానిని మరల కలుపుటయే మేము కోరునది.

నేడు భారత సర్వేశాఖవారి పటములలో ఈ సీమ 57 ఎన్ అను చతురస్రమున చేరును. ఇది తూర్పు రేఖాంశము 79 మొదలు 80 డిగ్రీల వరకును, ఉత్తర అక్షాంశము 14 మొదలు 15 డిగ్రీల వరకును వ్యాపించినది. దీనిని పదునారు భాగములు చేసి, ఒక్కొక్క భాగమును 1:50,000 మానమున ముద్రించిరి. ఉదయగిరి 57 ఎన్ 5వ పటములోను, ఆత్మకూరు 57 ఎన్ 10వ పటములోను ఉన్నవి. ఒక్కొక్క పటమునందు సుమారు 740 చదరపు కిలోమీటర్ల నేల ఇమిడియుండును. పటముపై ఒక సెంటీమీటరు నేలపై అరకిలోమీటరు.

3. గీతలు చెప్పు సంగతులు

గోధుమవన్నె గీతలు సమోన్నతరేఖలు. ఒక రేఖమీది స్థలములన్నియు ఒకే ఎత్తున నుండును. ఈ పటములలో సామాన్యముగా రేఖకు రేఖకు 20 మీటర్ల ఎత్తు భేదము. రేఖలు దగ్గరగా ముడుచుకొన్నచోట ఏటవాలు అధికము. ఎడముగా నున్నచోట నేల చదును. ఉదయగిరి కొండ చుట్టు ఈ రేఖలు ఒకదానిపై ఒకటి పడునట్లు కిక్కిరిసియుండగా, ఆత్మకూరు వైపు ఒక్కొక్క రేఖకై చాల దూరము వెదకవలసియుండును. పసుపుపచ్చ సేద్యపు నేలకును, ఆకుపచ్చ అడవికిని, ఎఱుపు జనావాసమునకును, నీలి నీటికిని గురుతులు. నీరు నిలువని ఏరులను నల్లగీతలతో చూపుదురు. కట్ట ప్రక్కన 3ఆర్, 5ఆర్ అను అంకెలున్నచో, ఆ కట్ట ప్రక్కనేలకంటె అన్ని మీటర్లు ఎత్తని తెలియవలయును.

ఈ గుర్తులను తెలిసికొన్నవానికి మొదట కంటికి తగులునది చెరువుల వరుస. చెరువుకట్ట నెలవంకవలె వంగి, దాని కొనలు ఎగువకు తిరిగియుండును. ఒక చెరువు నిండి అలుగు పారిన నీరు దిగువ చెరువును చేరును. అది నిండి మఱియొకదానిని చేరును. ఇట్లు ఒకే వాగుమీద ముత్యములవలె కూర్చిన చెరువులను గొలుసుచెరువు లందుము. చెరువునకు సమీపముననే ఎఱ్ఱని గుర్తుతో ఊరు, కట్ట దిగువ పసుపుపచ్చని మాగాణి, ఆవల మెట్ట, దానికావల బీడు, చివర అడవి: ఈ క్రమము పటమున పలుమార్లు కనబడును. మొదట వచ్చినవారికి కట్ట క్రింది నేలయు, తరువాత వచ్చినవారికి మెట్టయు దక్కుట సామాన్యము. కావున కట్టనుండి దూరమును కొలుచుట కొంతవరకు కాలమును కొలుచుటయే. ఇది నియమము కాదు, సూచన మాత్రమే. శాసనముతోడను, కైఫీయతుతోడను సరిచూడనిదే దీనిని నిర్ణయముగా గైకొనరాదు.

4. పోరుమామిళ్ల శాసనము బోధించు స్థలవిజ్ఞానము

పటము లేని కాలమున మన పూర్వులు నేల తీరును ఎట్లు గ్రహించిరను ప్రశ్నకు విలువైన సమాధానము వెలిగొండలకావల కడప జిల్లాలోని పోరుమామిళ్లలో దొరకుచున్నది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నుండి పాలించుచు, అచ్చట అనంతరాజసాగరమను చెరువును కట్టించెను. క్రీ.శ. 1369 నాటి శాసనము ఆ నిర్మాణమును వర్ణించుచున్నది. దినమునకు వేయిమంది కూలివారు, తూము మున్నగువాని రాతిపనికి నూరు బండ్లు రెండు సంవత్సరములు పనిచేసినట్లు అందు చెప్పబడినది.

ఆ శాసనమునందే చెరువునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును పేర్కొనబడినవి. ధర్మపరుడగు రాజు, జలశాస్త్రమెఱిగినవాడు, గట్టి మన్నుగల నేల, తియ్యని నీరుగల నది, దానికి తగిలియున్న కొండలు, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతును విరివియు గల గర్భము, సమీపమున రాతిగని, సమతలమగు పొలములు, నేర్పరులగు పనివారు మొదలైనవి అంగములు. కట్ట ఊటకారుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, గర్భమున తాబేటివీపువలె మెరకయుండుట, నీరు కొంచెమై ఆయకట్టు అధికమగుట, నీరు అధికమై నేల కొంచెమగుట అనునవి దోషములు.

ఈ లక్షణములను పటముపై పెట్టి చూచినచో ఆశ్చర్యము కలుగును. కొండలు ఇరుకై వాగు బయల్పడు తావు, దానికి దిగువ సమతలము, వెనుక విశాలమైన గర్భము అను మూడు సంగతులను నేటి ఇంజనీరు సమోన్నతరేఖలను చూచి గుర్తించును. పదునాలుగవ శతాబ్దివాడు కాలినడకను తిరిగి, వానలో నీటిపోకను చూచి గుర్తించెను. రెండు రాజ్యముల పొలిమేరను దోషముగా చెప్పుట గమనింపదగినది. చెరువు నేలకు సంబంధించినదే కాక అధికారమునకును సంబంధించినదని వారికి తెలియును.

5. వలసవచ్చినవారు, వారి మాటలు

విజయనగర రాజ్యమున ఉదయగిరి ఒక ముఖ్యమైన రాజ్యభాగమునకు రాజధాని. తరువాత గజపతుల వశమై, 1514లో శ్రీకృష్ణదేవరాయలచే జయింపబడెను. నవాబుల కాలమున జాగీరయ్యెను. ప్రతి మార్పుతోను సైనికులు, కరణములు, బ్రాహ్మణులు, ఫకీరులు, చేతిపనివారు, కాపులు క్రొత్తగా వచ్చి చేరిరి. వీరి రాకను గ్రామనామముల తుదిమాటలు సూచించును.

ఆత్మకూరు, వింజమూరు, దుత్తలూరు, మహిమలూరు అనువానిలో 'ఊరు' ప్రాతపొర. మర్రిపాడు, బట్టేపాడు, వరికుంటపాడు అనువానిలోని 'పాడు' శాసనములలో బహుళముగా కానవచ్చు గ్రామవాచకము. శిథిలమైన ఊరని జనులు చెప్పు అర్థమును అన్నింటికి అన్వయింపరాదు. వరికుంటపాడు అను ఒక్క పేరులో పంట, నీరు, నివాసము మూడును ఇమిడియున్నవి. అనంతసాగరము, అనుమసముద్రము అనునవి చెరువుచే పేరుపొందినవి. సీతారామపురము, కొండాపురము వంటివానిలోని 'పురము' దానముతోడను, బుద్ధిపూర్వకమగు ప్రతిష్ఠతోడను సంబంధము కలది. అప్పారావుపాలెము వంటివానిలోని 'పాలెము' దండు విడిదికిగాని, పెద్ద ఊరినుండి వేరుపడిన పల్లెకుగాని చెల్లును. అనుమసముద్రమునకు ప్రక్కన ఖాజా నాయబ్ రసూల్ దర్గా చుట్టు పెరిగిన నివాసమునకు 'పేట' చేరినది. ఒకే జంటపేరులో చెరువు త్రవ్విన కాలమును, దర్గా వెలసిన కాలమును ప్రక్కప్రక్కన నిలిచియుండుట చూడనగును. నెల్లూరు, చిత్తూరు జిల్లాలలో విరివిగా వినబడు 'కండ్రిగ' శబ్దము ఖండిక నుండి పుట్టి, దానముగా విడదీసిన చిన్న భూఖండమును తెలుపును.

పేరు మార్చినంతమాత్రమున జనులు దానిని స్వీకరింపరు. ఉదయగిరి నుండి ఏలిన రెండవ సంగముడు 1356లో పాకవిషయమందలి బిట్రగుంటను శ్రీకంఠపురమను పేర దానము చేసెను. ఆ శాసనమును రచించినవాడు సాయణ మాధవుల సోదరుడగు భోగనాథుడు. అంతటి పండితుడు పద్యమున నిలిపిన పేరు శాసనమునందే నిలిచినది. జనుల నోట బిట్రగుంటయే మిగిలినది.

వలసకర్షకులను పిలిచి నిలుపుటకు పాలకులు కొన్ని సౌకర్యముల నిచ్చెడివారు. బీడు సాగుచేయువానికి కౌలు ఇచ్చి, మొదటి యేండ్ల పన్ను తగ్గించి క్రమముగా పెంచెడివారు. చెరువు కట్టినవానికి, బాగుచేసినవానికి దశబంధ మాన్యమిచ్చెడివారు. అన్యగ్రామమునుండి వచ్చి స్థిరహక్కు లేక సేద్యముచేయువాడు 'పాయకారి'. ఈ మాటను రెవిన్యూ వ్రాతలలో చూచునపుడెల్ల ఒక కుటుంబము మూటముల్లె సర్దుకొని నడచివచ్చినదని గ్రహింపవలయును. పాకనాటి, వెలనాటి, ములికినాటి అను శాఖానామములును, ఊరిపేరునుండి వచ్చిన ఇంటిపేర్లును వారు బయలుదేరిన దిక్కును చూపును. ఒక గ్రామమందలి ఇంటిపేర్లను సేకరించి, అందు ఊరిపేర్లు కాగలవానిని పటముపై గుర్తించి, ఆ ఊళ్లనుండి ఈ ఊరికి గీతలు గీచినచో వలసదారులు కొంతవరకు బయల్పడును.

వచ్చినవారందరును నిలిచిరని తలపరాదు. పటములపై విడిచిపెట్టిన నివాసములకును గుర్తు కలదు. రెవిన్యూ లెక్కలలో జనులులేని గ్రామమునకు 'బేచిరాకు' అని పేరు. దీపములేని ఊరని ఆ పారసీకపదమునకు అర్థము. పల్లెవారు అట్టి తావును పాటిదిబ్బ యందురు. పొలిమేరలు, సర్వే నంబర్లు మిగిలి, ఇండ్లు మాత్రము లేని ఊరది. కఱవు, చెరువు తెగుట, రోగము, పన్నుభారము అను కారణములలో ఏది ఆ దీపమును ఆర్పెనో పటము చెప్పదు. అచ్చట కైఫీయతును అడుగవలయును.

6. గొలుసు, సెంటు, చుక్క

భూస్వరూప పటము వేరు, గ్రామపటము వేరు. మొదటిది నేల రూపమును చూపును. రెండవది హక్కును చూపును. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మదరాసు ప్రభుత్వము రైతువారీ సర్వేను నడిపి, గ్రామపటములను మైలుకు పదునారు అంగుళముల మానమున సిద్ధపరచెను. 66 అడుగుల గొలుసు, అందు నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఎకరములో నూరవవంతు సెంటు, అనగా 435.6 చదరపు అడుగులు. అంతకుముందు జనులు పుట్టి, తూము మొదలగు ధాన్యపు కొలతలతో భూమిని చెప్పుకొనెడివారు. అందు నేల సారమును, నీటి అందుబాటును గూడ కలిసియుండెడివి. సెంటునకు సారముతో పనిలేదు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున తయారైన పునఃపరిష్కార లెక్కలలో హక్కుదారుడెవ్వరో తేలనిచోట పేరునకు బదులు చుక్కలు పెట్టిరి. ఈ భూములకే చుక్కలభూములని పేరు. పాయకారులై వచ్చి తరతరములు దున్నిన కుటుంబములకు ఆ చుక్కలు శాపమైనవి. అమ్మబోయిన రిజిస్ట్రేషను లేదు, అప్పు పుట్టదు. రాష్ట్రప్రభుత్వము 2017లో చుక్కలభూముల చట్టమును చేసెను. 2023 మే నెలలో ఇదే జిల్లాలోని కావలిలో రెండులక్షల ఎకరములకు పైబడిన అట్టి భూములపై ఆంక్ష తొలగించు కార్యక్రమము జరిగెను. గుమాస్తా కలమునుండి రాలిన చుక్క నూరేండ్లు ఒక రైతుకుటుంబమును కట్టివేయగలదను సంగతిని పటములు చదువువారు ఎన్నడును మఱువరాదు.

7. పటమున లేనివారు

కట్ట పోసినవారికి ముందే ఈ అడవులలో యానాదులు సంచరించెడివారు. తేనె, దుంపలు, వేట వారి జీవనాధారములు. దున్నిన చాలు లేదు, కట్టిన రాయి లేదు. కావున సర్వేకారుని గొలుసునకు వారు అందలేదు. పటమునందు పొదలనేల యని వ్రాసినచోటు వారికి ఇల్లు. వలసకర్షకుడు 'అడవి కొట్టి ఊరు కట్టితిమి' అని చెప్పునపుడు, ఆ అడవి నిర్జనము కాదని పరిశోధకుడు గుర్తించి తీరవలయును.

నూతనమైన వలసయు కలదు. 1975లో ఆరంభమై 1989లో పూర్తియైన సోమశిల జలాశయము దాదాపు 78 శతకోటి ఘనపుటడుగుల నీటిని నిలుపగలది. దాని వెనుకజలములలో కడప జిల్లాకు చెందిన పలుగ్రామములు మునిగినవి. ప్రాత పటములలో ఊరి గుర్తున్నచోట క్రొత్త పటములలో నీలివన్నె యున్నది. రెండు కాలముల పటములను ప్రక్కప్రక్కన పరచి చూచినచో, ఒకరి మాగాణికై మఱియొకరి ఊరు ఎట్లు మునిగినదో మాటల నవసరములేకయే తెలియును.

8. చేయవలసిన పని

1984లో కరణముల పదవులు రద్దయినవి. ప్రతి చేని పేరును, ప్రతి కుంట చరిత్రను నోట నిలుపుకొన్న ఆ తరము గతించుచున్నది. 2020 డిసెంబరులో రాష్ట్రమున పునఃసర్వే ఆరంభమై, ఉపగ్రహ సంకేతములతోడను, డ్రోనులతోడను పెక్కు గ్రామములు కొలువబడినవి. అట్లు కొలిచిన గ్రామములలో ప్రాత సర్వే నంబర్లకు బదులు క్రొత్త భూఖండ సంఖ్యలు వచ్చినవి. కొలత సూక్ష్మమగుట మేలే. కాని దొరువుచేను, పాటిమీద చేను, తూముక్రింద మడి వంటి పేర్లు ఏ లెక్కలోను లేవు. ప్రాత నంబరును బట్టి ఆ పేరును గుర్తుపట్టు పెద్దలు గతించినచో పేరును పోవును, దానిలోని వృత్తాంతమును పోవును.

కావున తెలుగు శాఖలలోని పరిశోధకవిద్యార్థులకు మేము సూచించు పద్ధతి ఇది. ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రామమును గైకొనవలయును. భూస్వరూప పటమును, ప్రాత గ్రామపటమును సంపాదించి, చెరువులను, వాగులను, విడిచిన నివాసములను గుర్తింపవలయును. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాల శెట్టి గారలు ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనముల మూడు సంపుటములలో ఆ గ్రామ శాసనములను వెదకవలయును. కైఫీయతు ఉన్నచో సరిచూడవలయును. పిదప గ్రామమునకు పోయి, కాపులతోపాటు గొల్లలను, యానాదులను, నీరు పారించు నీరుకట్లను అడిగి, చేనిపేర్లను వారు పలికినట్లే వ్రాసికొని, ప్రతి పేరునకు ప్రాత నంబరును, క్రొత్త సంఖ్యను చేర్పవలయును.

ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. కాలము మాత్రము మించిపోవుచున్నది. ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో పది గ్రామములకైనను ఇట్టి పట్టికలు సిద్ధమైనచో, కొలతయు కైఫీయతును మరల ఒకచోట చేరును. చెరువు త్రవ్వినవారి మనుమలకు తమ నేల పేరు దక్కును.